పాత బూట్ల కొట్టు దగ్గర ఎడమకు

దారి తప్పడం ఒక వరం! అవునండీ, వరమే. నవ్వకండి. ఈ మాట అంటున్నది మినియాపొలిస్‌లో పుట్టి పెరిగిన భూగోళశాస్త్రం ప్రొఫెసర్ వెండెల్ స్ట్రోమ్‌క్విస్ట్. పోయిన ఫిబ్రవరిలో మా ఊరి నడిబొడ్డున జరిగిన సదస్సుకు "వేదికకు చేరుకోవడం ఎలా?" అనే పేజీ రాసింది నేనే. ఇరవై ఏడేళ్ల నా రచనల్లో నాలుగు వందల మంది చదివింది అదొక్కటే!

చదివినవాళ్లు చేరారా అంటారా? చేరడమే గొప్పా?

నేను రాసింది చూడండి. "స్కైవే ఎక్కండి. పాత బూట్ల కొట్టు దగ్గర ఎడమకు తిరగండి. ఒకప్పుడు పెద్ద గడియారం ఉండే చోట ఎస్కలేటర్ దిగండి. ఎదురుగా హాలు." బూట్ల కొట్టు మూతబడి పాతికేళ్లయింది. గడియారాన్ని ఎవరు పట్టుకుపోయారో తెలియదు. అయితే ఏం? మా ఊళ్లో దారి ఇలాగే చెబుతాం. ఉన్నవాటిని ఎవడైనా చూస్తాడు. లేనివాటిని చూడటానికే కదా అంతంత చదువులు!

సదస్సు పనులు నాతోపాటు చూసే లొరేటా క్విగ్లీ ఆ పేజీ చదివి తల పట్టుకుంది.

"ఏం మనిషివయ్యా వెండెల్! లేని కొట్టు దగ్గర జనం ఎలా తిరుగుతారు?"

"తెలియకపోతే అడుగుతారు."

"ఎవరు, మనవాళ్లా? ఇల్లు తగలబడుతున్నా 'ఏం ఫర్వాలేదండీ' అనే రకం!"

నేను వినలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఫలితాలు చూడండి! బయట మైనస్ ఇరవై రెండు. లోపల, స్కైవేలో, అంటే భవనాల మధ్య గాజు వంతెనల్లో, వెచ్చగా మేధావుల ప్రదక్షిణలు. ఒహాయో నుంచి వచ్చిన ఒకాయనకు నడకతోనే షుగర్ దిగింది. ఒక ఫుట్‌నోట్ మీద గొడవపడి పదకొండేళ్లుగా మాటల్లేని ఇద్దరు పండితులు ఒకే పాప్‌కార్న్ కొట్టు ముందు మూడుసార్లు ఎదురుపడ్డారు. మూడోసారి ఒకే పొట్లం పంచుకుని తిన్నారు. నా పేజీ లేకపోతే ఆ రాజీ కుదిరేదా?

ఇక నా సంగతి. నా ప్రసంగం రెండో రోజు రెండున్నరకు. విషయం "దారి అడగడం: ఒక చరిత్ర". దాన్ని వినడానికే మా టీచరుగారు ఆల్మా నైక్విస్ట్ వస్తున్నారు. ఎనభై ఒక్కేళ్ల మనిషి. ఊరు వదిలి ముప్పై ఏళ్లయింది. సెల్‌ఫోన్ వాడరు. పదేళ్లుగా పిలుస్తుంటే, "ఇదే ఆఖరు ప్రయాణం, నీకోసం వస్తాను" అని ఉత్తరం రాశారు. నాకు ఆవిడ ఒక్కరు వింటే చాలు.

రెండు గంటలకు హాలు ఖాళీ. టీచరుగారి జాడ లేదు. పాపం, ఆ మోకాళ్లతో ఏ వంతెన మీద తిరుగుతున్నారో! పరుగెత్తాను.

నిజం చెప్పొద్దూ, నేను ఏనాడూ ఆ దారిన నడిచింది లేదు, చిన్నప్పుడు తప్ప. కారు కింద పెట్టి లిఫ్టెక్కే బాపతు. బూట్ల కొట్టు ఉండాల్సిన చోట ఒకేలాంటి కాఫీ షాపులు మూడున్నాయి. ఏది ఎడమ? ఏది కుడి?

"దారి తప్పారా సార్?" అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"అబ్బే! ఊరికే కాళ్లు సాగదీస్తున్నా."

"నాలుగోసారి సాగదీస్తున్నారు సార్. పోనీ, చెప్పమంటారా?"

"ఏం ఫర్వాలేదండీ!" అన్నాను. దారి అడగడం మీద చరిత్ర రాసినవాణ్ణి. నేను అడిగితే నామోషీ కాదూ?

హాలుకు తిరిగి చేరేసరికి మూడున్నర. గుమ్మంలో లొరేటా.

"ఎక్కడ చచ్చావయ్యా? నువ్వటు వెళ్లావో లేదో, ఆవిడ ఇటు వచ్చారు. ఆ పేజీ చేత్తో పట్టుకుని తిన్నగా! బూట్ల కొట్టు దగ్గర ఎడమకట, గడియారం దగ్గర దిగడమట. 'ఎంత చక్కగా రాశాడో' అని మురిసిపోయారు. గంటకు పైగా ముందు వరసలో కూర్చుని, విమానం టైమైందని ఇప్పుడే వెళ్లారు."

బల్ల మీద నా పేజీ ఉంది. దాని వెనక, ఒకప్పుడు నా పరీక్ష పేపర్లు దిద్దిన అదే ఎర్ర సిరాతో రాశారు.

"వెండెల్, హాలు దొరికింది. నువ్వే దొరకలేదు. ఎవరినైనా అడగాల్సింది, నాయనా."