పదహారు ఊచల ఊయల, ఏడుగురు సభ్యుల కలయిక

ఒకే రకం కష్టం ఉన్న ఇద్దరు మనుషులు వీధిలో ఎదురుపడి, ఆ కష్టం గురించి మాట్లాడేసుకుని, రెండు నిమిషాల్లో దాన్ని తీర్చేసుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయే అనాగరిక దశ నుంచి మానవజాతిని గట్టెక్కించిన ఘనత నిస్సందేహంగా ‘ఇంటి కర్రమిషన్ల యజమానుల స్థానిక కలయికల సమన్వయ వేదిక’కే దక్కుతుంది. (పేరు మరీ పొడుగ్గా ఉందని కొందరు సణిగారు. దాన్ని కుదించడానికి మూడేళ్ళ కిందటే ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం పేరు ఇంకా పొడుగు.)

నర్సమ్మ ఆ వేదిక గడప తొక్కింది ఒక ఊచ కోసం.

నర్సమ్మంటే ఆసుపత్రి పిల్లల వార్డులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న నర్సు. వార్డులో అందరూ అలా పిలవగా పిలవగా ఇంట్లో మొగుడికీ అదే అలవాటైపోయింది. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికే మనిషి గనక పెళ్ళాం వెనక గదిలో, బట్టలుతికే మిషను పక్కన, ఒక చిన్న లేతు మిషను పెట్టుకుంటానంటే శబ్దం గురించి పేచీ పెట్టలేదు. కర్రముక్కను రెండు కొసలా బిగిస్తే ఆ మిషను గిరగిరా తిప్పుతుంది. తిరుగుతున్న కర్రకు ఉలి ఆనిస్తే నున్నగా, గుండ్రంగా తేలుతుంది. తరిమెన పట్టడం అంటారే, అదే. రెండేళ్ళలో నర్సమ్మ గరిటెలకు పిడులు, సుత్తికి కామ, తలుపులకు గుబ్బలు చేసింది. ఆ ఇంట్లో ఇప్పుడు గుబ్బ లేని తలుపు లేదు. కొన్ని తలుపులకు రెండేసి ఉన్నాయి.

అలా ఉండగా చెల్లెలు నెల తప్పింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు, డాక్టర్లు కూడా ఇక చూద్దాంలే అనేశాక. ఆ కబురు తెలిసిన రోజు నర్సమ్మ డ్యూటీ గదిలో తలుపేసుకుని కరువుతీరా ఏడ్చింది, సంతోషంతోనే. కళ్ళు తుడుచుకుని చెల్లెలికి ఫోన్ చేసింది.

“ఊయల నేనే చేస్తానే. నా చేత్తో. కొన్నావంటే చూడు మరి!”

“కొననక్కా. నువ్వు తెచ్చిన ఊయల తప్ప మా ఇంట్లో ఇంకోటి అడుగుపెట్టదు. ఒట్టు.”

ఒట్టు అయితే పడింది గానీ ఊయలకు పదహారు ఊచలు కావాలి. మూరెడు పొడుగు, చూపుడువేలంత లావు. అంత సన్నటి కర్రను లేతుకు బిగిస్తే రెండు కొసలూ బుద్ధిగానే ఉంటాయి. మధ్యభాగం మాత్రం ఉలి తగిలీ తగలగానే వణికి పక్కకు జరుగుతుంది. అంతే, ఊచ నడుము పొడుగునా గరుకు గరుకు వరసలు పడతాయి. పసిబిడ్డ బుగ్గ ఆనించే చోట అలాంటిది పెడతామా? పదకొండు ఊచలు అలాగే పాడయ్యాయి.

అలాగని ఆవిడ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఫోన్లో వీడియోలు చూసింది. వాటిల్లో ప్రతివాడూ సరిగ్గా అసలు కిటుకు దగ్గర ఎడంచెయ్యి అడ్డం పెట్టేవాడు. వీధి చివరి వడ్రంగిని అడిగింది. “ఊచలు తిప్పే విద్య మా తాతతోనే పోయిందమ్మా. నాది ప్లైవుడ్డు, మేకులూ” అన్నాడాయన, ఉన్నదున్నట్టు. అప్పుడు ఆసుపత్రి మందుల కొట్టులో ఎవరో ఈ వేదిక యాప్ గురించి చెప్పారు. మీలాంటి మిషనున్నవాళ్ళు మీ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్ళతో కలిపిస్తుంది అని.

యాప్ తెరవగానే మ్యాపులో పచ్చ చుక్కలు కనిపించాయి. తనతో కలిపి ఏడు. అందులో ఒకటి రెండు వీధుల అవతలే! నర్సమ్మ ఆత్రంగా ఆ చుక్కను నొక్కింది. ‘ఈ చుక్కను మీరు నేరుగా సంప్రదించలేరు. చుక్కల భద్రతే మా ధ్యేయం’ అని వచ్చింది. చుక్కలు చుక్కలను కలవాలంటే ఆమోదం పొందిన కలయికలోనే కలవాలట. దానికి దరఖాస్తు పద్నాలుగు పేజీలు.

నింపింది. మిషను బరువు, ఎత్తు, చప్పుడు, రోజుకు వచ్చే పొట్టు ఎన్ని దోసిళ్ళు (దోసిలి ఎవరిదో పేర్కొనవలెను). ‘మిషను మీదా, మీవారిదా?’ అన్న ప్రశ్నకు ‘నాది’ అని నొక్కితే, ‘దయచేసి మరోసారి సరిచూసుకోండి’ అంది యాప్. మూడుసార్లు సరిచూసుకుంది. నాలుగోసారి దానికే విసుగొచ్చి ‘ప్రత్యేక సందర్భం’ కింద ఒప్పుకుంది.

మర్నాడే ప్రాంతీయ పరిశీలకుడి దగ్గర్నుంచి ఫోను. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, కాదనిపించుకోవడం కూడా హాయిగానే ఉంటుంది.

“మీ ఫారం చూశానమ్మా. ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. కానీ ఏం లాభం, మీ ప్రాంతానికి సమన్వయకర్త లేరు. ఆయన లేనిదే కలయిక లేదు.”

“ఎవరో ఒకర్ని పెట్టండి మరి.”

“మీరే ఉండొచ్చుగా?”

“నేనా? ఉంటాను, దానికేం భాగ్యం! నా ఊచ సంగతి తేలితే చాలు.”

“చిన్న నియమం ఒకటుంది. సమన్వయకర్త తటస్థంగా ఉండాలి. అంటే ఏ మిషనూ వాడకూడదు.”

నర్సమ్మ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. “కర్రమిషన్ల కలయిక జరిపే మనిషి కర్రమిషను వాడకూడదా?”

“వాడితే పక్షపాతం వస్తుందమ్మా. లేతున్నవాళ్ళు లేతు వైపు లాగుతారు, రంపమున్నవాళ్ళు రంపం వైపు. గతంలో చేదు అనుభవాలున్నాయి.” (గతంలో ఒక్క కలయికా జరగలేదు. అనుభవాలు మాత్రం ఉన్నాయి.) “మీ మిషను ఎక్కడికీ పోదు. స్విచ్చి మీద చిన్న ముద్ర వేస్తాం, అంతే. పదవిలో ఉన్నన్నాళ్ళే.”

నర్సమ్మ వేళ్ళమీద లెక్కేసుకుంది. కాన్పుకు ఇంకా నాలుగు నెలలు. కలయిక మూడు వారాల్లో అయిపోతుంది, కిటుకు తెలుస్తుంది, పదవి వదిలేస్తే పదహారు ఊచలు పది రోజుల పని. సరేనంది. ఒక మనిషి వచ్చి స్విచ్చి మీద కాయితం అంటించి, సంతకం చేసి, అడ్డంగా గుండ్రటి ముద్ర గుద్ది వెళ్ళాడు. జిగురు తేవడం మర్చిపోయాడు గనక జిగురు నర్సమ్మే ఇచ్చింది.

డ్యూటీ దిగి వచ్చిన మొగుడు ముద్ర చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “మిషన్లవాళ్ళని కలవడానికి మిషను మానేశావా? గోటితో పోయేదానికి గొడ్డలి తేవడం చూశాను గానీ, ఆ గొడ్డలి కోసం గోరు కోసుకున్నదాన్ని నిన్నే చూస్తున్నా.”

“మూడు వారాలేగా” అంది నర్సమ్మ.

మూడు వారాలు మూడు నెలలయ్యాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు, ప్రతి వారమూ ఏదో ఒక పని పూర్తవుతూనే వచ్చింది. ముందుగా కలయిక ఎక్కడ అన్న ప్రశ్న వచ్చింది. ఒక సభ్యుడి ఇంట్లో జరిపితే మిగతా ఆరిళ్ళ మిషన్లను చిన్నచూపు చూసినట్టవుతుంది. పోనీ మిషన్లన్నీ ఒకచోటికి తెద్దామంటే, ఇల్లు దాటిన మిషను ఇంటిమిషను కాదు, దాని యజమాని సభ్యత్వం గుమ్మం దగ్గరే రద్దవుతుంది. కాబట్టి మిషన్లు లేకుండా, లైబ్రరీ మేడమీద హాల్లో జరపాలని తీర్మానమైంది. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు గనక వేదికవారి శబ్ద పర్యవేక్షకుడు ఆ చోటును ఎంతో మెచ్చుకుని ఆమోదించాడు. చేసిన వస్తువులు తెచ్చుకోవచ్చు, అయితే గుడ్డ చుట్టి ఉంచాలి, విప్పకూడదు.

నిజం చెప్పాలంటే నర్సమ్మకు ఈ వ్యవహారమంతా రానురాను బాగానే అనిపించసాగింది. ఇరవై రెండేళ్ళు జ్వరాల పట్టీలు రాసిన చెయ్యి, నాలుగు రంగుల సిరాలతో రిజిస్టరు పెట్టింది. పరిశీలకుడు దాన్ని ఫొటో తీయించి మిగతా ప్రాంతాలకు నమూనాగా పంపాడు. ఆవిడకంటూ ఒక గుండ్రటి ముద్ర కూడా ఇచ్చారు. వచ్చిన మొదటి రోజు దాన్ని ఎక్కడెక్కడ వేయవచ్చో చూద్దామని పాలవాడి చీటీ మీద కూడా వేసింది.

మొత్తానికి కలయిక జరిగింది. ఎజెండాలో తొమ్మిది అంశాలు. మూడోది, గత సమావేశపు నిర్ణయాల ఆమోదం. గత సమావేశం జరగలేదు గనక నిర్ణయాలూ లేవు. అయినా ఒక చిన్న సవరణతో ఆమోదించారు. తొమ్మిదోది ‘ఇతర విషయాలు, సమయం మిగిలితే’. ఊచ అందులో ఉంది. ఆరో అంశం దగ్గరికొచ్చేసరికి లైబ్రరీ మూసే వేళయింది.

నర్సమ్మ పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఇంట్లో లేతు మీద బొంగరాలు చేసి పిల్లలకు పంచిపెడతాడట, అందుకని అందరూ బొంగరాల పెద్దాయన అంటారు. రెండు వీధుల అవతలి చుక్క ఆయనే. నర్సమ్మ సంచిలోంచి గుడ్డ చుట్టిన ఊచ జారి ఆయన కాళ్ళ దగ్గర పడింది. తీసి ఇవ్వబోతూ గుడ్డ మీంచే వేళ్ళతో తడిమాడు.

“మధ్యలో వణుకుతోంది కదమ్మా?”

“మీకెలా తెలిసిందండీ?”

“తెలియకేం, నేనూ బోలెడన్ని తగలేశాను. ఎడంచెయ్యి వెనకాల ఆనించు. ఇదిగో, ఇలా.” కుర్చీ కోడును పట్టుకుని అరచెయ్యి వంచి చూపించాడు. “నొక్కకూడదు. ఊరికే తోడుండాలి. చెయ్యి వేడెక్కిందా, నొక్కుతున్నావన్నమాట. పసిపిల్లకి సూది వేసేటప్పుడు చెయ్యి వెనక నుంచి పట్టుకుంటారు చూడు, అంతే.”

నర్సమ్మ తన ఎడంచెయ్యి వంక చూసుకుంది. ఇరవై రెండేళ్ళుగా రోజూ చేస్తున్న పనే!

“ప్రదర్శన ఎజెండాలో లేదండీ” అన్నాడు కలయిక చూడడానికి వచ్చిన పరిశీలకుడు, ఎంతో మెత్తగా.

మెట్లు దిగుతూ నర్సమ్మ పదహారు ఊచల ఊయల సంగతి చెబితే పెద్దాయన ఆగాడు. “నీ మిషను ముద్రలో ఉందటగా? మా ఇంటికి రామ్మా. మంచి కర్ర ఉంది. నా లేతు మీద ఒక్క పూటలో పదహారూ తీసేద్దాం.”

వస్తానండీ అనబోయింది నర్సమ్మ. నోటివెంట వచ్చింది మాత్రం వేరు. “సమన్వయకర్త ఒక్క సభ్యుడి ఇంటికే విడిగా వెళ్ళకూడదండీ. మిగతా అయిదుగురూ ఏమనుకుంటారు?” అనేశాక, ఈ మాట అన్నదెవరా అని తనకే అనుమానం వచ్చింది. పెద్దాయన ఆవిడకేసి జాలిగా చూసి గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

కలయిక ఘనవిజయమని వేదిక ప్రకటించింది. ఆ విజయానికి గుర్తింపుగా నర్సమ్మ పదవిని ఏకగ్రీవంగా మూడేళ్ళు పొడిగించింది. రాజీనామాకు వీలుంది, వచ్చే కలయికలో ఎజెండాలో పెడితే. వచ్చే కలయిక ఏర్పాట్లకు సన్నాహక సంఘం వేయవలసి ఉంది.

కాన్పుకు ఇంకో వారం ఉందనగా నర్సమ్మ వెనక గదిలో లేతు ముందు నిలబడింది. ఎడంచెయ్యి దానంతటదే వంగి గాల్లో ఊచను పట్టుకుంటోంది. మొగుడు వెనక నుంచి చూశాడు.

“చించెయ్యి. కాయితం ముక్క.”

“అందరూ ఇలాగే చించుకుంటూ పోతే?”

“అందరూ ఎవరే? ముద్ర ఉన్నది నీ ఒక్కదానికే!”

నర్సమ్మ పరిశీలకుడికి ఫోన్ చేసింది. పది రోజులపాటు ముద్ర తీయించుకునే వీలుందా అని అడిగింది. “ఎందుకు లేదమ్మా, భేషుగ్గా ఉంది” అన్నాడాయన. “మీ ప్రాంత సమన్వయకర్తకి దరఖాస్తు పెట్టుకోండి.”

“అంటే నాకేగా.”

“మీకే. కారణాలు వివరంగా రాయండి. ఆవిడ చాలా నిక్కచ్చి మనిషని పేరు.”

వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా చెల్లెలి ఫోను. వారం ముందే పుట్టేసింది. ఆడపిల్ల. “అక్కా, అచ్చం నీ ముక్కే. బట్టల బుట్టలో పడుకోబెట్టాం. ఈయన కొట్టుకెళ్తానంటే నేనే వద్దన్నాను. మా అక్క తెస్తుందని చెప్పా. ఎప్పుడొస్తున్నావ్?”

“వస్తా తల్లీ. ఒక్క సంతకం ఉంది” అంది నర్సమ్మ.

మిగతా సగం ఏడుస్తూనే రాసింది. ఎనిమిదేళ్ళ ఎదురుచూపు రాసింది, ఒట్టు రాసింది, బట్టల బుట్ట రాసింది. మడిచి, బల్ల చుట్టూ తిరిగి అవతలి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని విప్పింది. పూర్తిగా చదివింది. ప్రతి గడీ నిండి ఉంది. కారణాలన్నీ సబబుగా ఉన్నాయి. రెండుచోట్ల చదవలేక ఆగి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎర్రసిరా కలం తీసి, అడుగున గుండ్రంగా రాసింది: దరఖాస్తుదారు సమన్వయకర్తకు బాగా కావలసిన మనిషి అయినందున తిరస్కరించడమైనది.