గ్రాండ్ కాన్యన్‌లో సిగ్నల్ ఫుల్!

ఎడారిలో సెల్ టవర్ పెట్టినవాడికి గుడి కట్టించాలి. ఏడాదికోసారి కల్యాణం కూడా జరిపించాలి!

నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. వెకేషన్‌కి వెళ్ళిన మనిషిని ఆఫీసు నుంచి విడదీయడం ఎంత క్రూరమో ఎప్పుడైనా ఆలోచించారా? ఐదు రోజులపాటు పెళ్ళాంబిడ్డల మధ్య ఒక్కడే ఏం చేస్తాడు పాపం? వాళ్ళతో ఏం మాట్లాడతాడు? ఎజెండా ఉండదు, స్లైడ్లుండవు, ఎప్పుడు ముగుస్తుందో చెప్పేవాడుండడు!

నమ్మకం కుదరకపోతే కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఉండే జయంతి సంగతి వినండి.

జయంతి కూతురు నిధికి పద్దెనిమిదేళ్ళు. ఆగస్టులో కాలేజీ కోసం న్యూజెర్సీ వెళ్ళిపోతుంది. కొడుకు ధృవ్‌కి పదకొండు. అమ్మాయి ఇల్లు వదిలేలోపు నలుగురూ కలిసి ఒక్క రోడ్ ట్రిప్ వెయ్యాల్సిందేనని జయంతి పట్టుబట్టింది. ఆవిడ పెద్దగా కోరిందేమీ లేదు. ఐదు రోజులు, ఒక కారు, గ్రాండ్ కాన్యన్ అంచున నలుగురూ కలిసి ఒక్క ఫొటో. నిధి తన కాలేజీ డార్మ్ రూమ్ గోడకి తగిలించుకోవడానికి. నలుగురూ ఉన్న ఫొటో ఇంట్లో ఏదైనా ఉందా అని వెతికితే ధృవ్ అన్నప్రాసన నాటిది దొరికింది. అందులో కూడా రాజీవ్ తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

రాజీవ్ అంటే జయంతి భర్త. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. బుద్ధిగా సెలవు అడిగాడు. మేనేజర్ వద్దన్నాడా? అబ్బే! ఎంతో పెద్ద మనసుతో, "షూర్ రాజీవ్, ఎంజాయ్! జస్ట్, లాప్‌టాప్ దగ్గర పెట్టుకో" అన్నాడు.

మార్చిలో ఆ టీమ్ నుంచి నలుగురిని తీసేశారు. రాజీవ్ ఉన్నది హెచ్-వన్ వీసా మీద. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. కాబట్టి ఆ 'జస్ట్' అనే మాటలోని ప్రేమ అతనికి బాగానే అర్థమైంది. ప్లాన్ క్యాన్సిల్ అయిందని మేనేజర్‌కి చెప్పేశాడు. ఇంట్లోంచి పని చేస్తున్నట్టు నటిస్తూ ఎడారిలోంచి పని చేద్దామని తేల్చేశాడు.

ఇక చూడండి ప్లానింగ్ అంటే! తెలివితక్కువవాళ్ళు చూడాల్సిన చోట్ల మ్యాప్ ముందేసుకుని ట్రిప్ ప్లాన్ చేస్తారు. రాజీవ్ ఫోన్ కంపెనీవాళ్ళ కవరేజ్ మ్యాప్ ముందేసుకున్నాడు. రంగు ఉన్నచోట ఆగుతాం, తెల్లగా ఉన్నచోట ఆగం. నిధి రెండేళ్ళుగా చూడాలనుకుంటున్న ఎర్రరాళ్ళ లోయ తెల్లగా ఉంది. కొట్టేశాడు. ధృవ్ ఎంచుకున్న ఇసుక దిబ్బలు కూడా తెల్లగానే ఉన్నాయి. అవీ పోయాయి. వాటి బదులు కింగ్‌మన్ అనే ఊరు దాటాక ఒక గ్యాస్ స్టేషన్ వెనక గంటన్నర ఆగారు. అక్కడ సిగ్నల్ అద్భుతం!

బయట నూటపది డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. మీటింగ్‌కి నిశ్శబ్దం కావాలి కాబట్టి ఏసీ కారు రాజీవ్‌కి, చెత్తడబ్బా పక్కనున్న నీడ మిగతా ముగ్గురికి. జయంతి అక్కడే పులిహోర డబ్బా విప్పి పేపర్ ప్లేట్లలో పెట్టింది. భర్త ప్లేటుకి మూత పెట్టి కారు బానెట్ మీద ఉంచింది. మీటింగ్ అయ్యేసరికి అది మళ్ళీ వేడెక్కింది కూడా. ఇంతకంటే సౌకర్యం ఇంట్లో మాత్రం ఉందా?

ఇలాంటి ట్రిప్‌లో పిల్లలకి క్రమశిక్షణ అబ్బదూ మరి! రెండో రోజుకల్లా ధృవ్ తండ్రి వేళ్ళ భాష నేర్చేసుకున్నాడు. నాన్న ఒక వేలు ఎత్తితే మ్యూట్‌లో లేడు, ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడదు. రెండు వేళ్ళు ఎత్తితే మ్యూట్‌లో ఉన్నాడు, చిప్స్ తినొచ్చు, కావలసినంత మాట్లాడొచ్చు.

మూడో రోజు పొద్దున తొమ్మిదికి పది నిమిషాల ముందు గ్రాండ్ కాన్యన్ అంచుకి చేరారు. జయంతి ఆ లోతులోకి తొంగి చూసింది. పక్కనున్న నిధి భుజం పట్టుకుంది. ఇంకో రెండు నెలలకి ఈ భుజం చెయ్యి చాపితే అందదు కదా అనిపించి ఏడుపొచ్చేసింది. ఎండకి కళ్ళు మండుతున్నాయని చెప్పి తుడుచుకుంది.

రాజీవ్ అప్పటికే రాతి పిట్టగోడ మీద లాప్‌టాప్ తెరిచి, లోయకి వీపు పెట్టి కూర్చున్నాడు. స్క్రీన్ మీద తన వెనక శాన్ రామన్ ఇంట్లోని పుస్తకాల బీరువా బొమ్మ పెట్టుకున్నాడు. అటు ఇంట్లో కూర్చున్న మేనేజర్ వెనకేమో గ్రాండ్ కాన్యన్ బొమ్మ! ఇంట్లో ఉన్నవాడు కాన్యన్‌లోనూ, కాన్యన్‌లో ఉన్నవాడు ఇంట్లోనూ కనిపించడం ఏ కాలంలో సాధ్యమైందో చెప్పండి?

ఫొటో తీసిపెడతానని ఒక ముసలి అమెరికన్ ఆవిడ జయంతి ఫోన్ పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, ఒక్క నిమిషం రండి. ఒక్కటే ఫొటో" అంది జయంతి.

రాజీవ్ రెండు వేళ్ళు ఎత్తాడు. "పది నిమిషాలు జయా. ఇప్పుడు కదిలితే బ్యాక్‌గ్రౌండ్ చెదిరిపోతుంది. వెనకాల ఇదంతా కనిపించేస్తుంది."

"ఇదంతా కనిపించాలనే కదండీ వచ్చింది! పాపం ఆవిడ ఎంతసేపని నిలబడుతుంది?"

"లీవ్ ఇట్ అమ్మా" అంది నిధి. కోపంగా కూడా అనలేదు. "నాన్నని నేను లేటర్ యాడ్ చేస్తా. హైస్కూల్ గ్రాడ్యుయేషన్ ఫొటోలో కూడా అట్లానే చేశా."

జయంతి కూతురి వంక చూసింది. తండ్రీ కూతుళ్ళు నవ్వుతూ ఉన్న ఆ గ్రాడ్యుయేషన్ ఫొటోని ఆవిడే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టింది. "అందులో నాన్న లేరా?"

"పార్కింగ్ లాట్‌లో ఉన్నారు కదమ్మా. కాల్‌లో."

రాజీవ్ విన్నాడు. లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి సగం లేచాడు.

సరిగ్గా అప్పుడే మేనేజర్ గొంతు వినిపించింది. "రాజీవ్? యువర్ అప్‌డేట్ ప్లీజ్."

రాజీవ్ కూర్చున్నాడు. పనంతా టైమ్‌కే నడుస్తోందని, తన వైపు నుంచి ఏ అడ్డంకీ లేదని చెప్పాడు. ఆ ముసలావిడ ముగ్గురికీ ఫొటో తీసి, ఫోన్ ఇచ్చేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మోటెల్‌లో నిధి మాట నిలబెట్టుకుంది. వీడియో కాల్ స్క్రీన్‌లోంచి నాన్న బొమ్మ కత్తిరించి అతికించిన నలుగురి ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడింది. "ఎంత ముచ్చటైన కుటుంబం!" అని అందరూ దండం బొమ్మలు, దిష్టి తగలకుండా కన్ను బొమ్మలు పెట్టారు. రాజీవ్ కుడి చెవి పక్కన ఆకాశంలో పుస్తకాల బీరువా ముక్క వేలాడుతోందని ఎవరూ గమనించలేదు. జయంతి గమనించింది గానీ, ఆవిడా దండం బొమ్మే పెట్టింది.

ఇవన్నీ నీకెలా తెలుసని అడుగుతున్నారా? చాలా వరకు శాన్ రామన్ పక్క ఊరు డబ్లిన్‌లో ఒక బర్త్‌డే పార్టీలో జయంతి మా ఆవిడ రష్మికి చెప్పుకుంది. కాన్యన్ దగ్గర మాటలు మాత్రం నేను స్వయంగా విన్నాను. రాజీవ్ రెండు వేళ్ళు ఎత్తాడు కానీ మ్యూట్ నొక్కడం మర్చిపోయాడు. కాల్‌లో పదకొండు మందిమి ఉన్నా రాజీవ్ కాక తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పెద్ద మనసున్న మేనేజర్‌ని నేనే లెండి. రష్మి నా భార్య అని జయంతికి తెలియదు.

నిధి అన్న ప్రతి మాటా విన్నాను. "వెళ్ళి ఫొటో దిగు రాజీవ్" అనడానికి రెండు సెకన్లు చాలు. కానీ మా డైరెక్టర్ కూడా కాల్‌లో ఉన్నాడు. అందుకని అప్‌డేట్ అడిగాను.

నా వెనకుండే కాన్యన్ బొమ్మ బాగుంటుందని ఆఫీసులో అందరూ అంటారు. ఆరేళ్ళ క్రితం మా అబ్బాయి అద్వైత్ తీశాడు దాన్ని. ఆ ట్రిప్‌కి నాకు వీలు పడలేదు. మొన్న మీటింగ్ అయ్యి అందరూ వెళ్ళిపోయాక, కెమెరా ముందు నుంచి కుర్చీ పక్కకి జరిపి ఆ బొమ్మని మొదటిసారి పూర్తిగా చూశాను. రోజూ నా తల అడ్డుండే చోట రష్మి నిలబడి ఉంది. పక్కన ఒక మనిషికి చోటు వదిలి నిలబడింది.