రొడెల్ అప్పు తీర్చేసి చేసిన ద్రోహం

పాఠకులారా, లోకంలో ఎవరినైనా క్షమించవచ్చు కానీ, క్రెడిట్ కార్డు అప్పు పూర్తిగా తీర్చేసినవాణ్ణి మాత్రం క్షమించకూడదు! తాగుబోతు తన ఒళ్ళు తాను పాడుచేసుకుంటాడు. పేకాటరాయుడు మహా అయితే తన సంసారం పాడుచేసుకుంటాడు. అప్పు తీర్చినవాడు వీధి మొత్తానికి అన్యాయం చేస్తాడు.

ఊరికే నోరు పారేసుకోవడం నా అలవాటు కాదు. మరికీనా పట్నంలో మా వీధిలోనే ఈ ఘోరం జరిగింది. చేసినవాడు పరాయివాడా అంటే, కాదు. రొడెల్! బస్సు కంపెనీలో టికెట్ల సెక్షన్‌కి సూపర్‌వైజరు. వాడి పెద్దకొడుక్కి జ్ఞానస్నానపు తండ్రిని నేనే. అంచేత వాడు నన్ను "పరే" అంటాడు, నేను వాణ్ణి "పరే" అంటాను, వాడి భార్య లిగాయాని "మరే" అంటాను. మా దగ్గర ఇది తోడబుట్టిన సంబంధం కన్నా గట్టిది. అంత గట్టి సంబంధం పెట్టుకుని కూడా అప్పు తీర్చడానికి వాడికి చేతులెలా వచ్చాయో నాకిప్పటికీ అర్థం కాదు.

ముందు ఆ అప్పు ఘనత చెప్పాలి. దాని వయసు పదేళ్ళ పైమాటే. మా వీధిలో నెలనెలా జీతం చీటీ అందుకునేది రొడెల్ ఒక్కడే. మిగతావాళ్ళం జనాన్నెక్కించుకునే జీప్‌నీ బళ్ళు నడుపుకునేవాళ్ళం, చేపలమ్ముకునేవాళ్ళం, నాలాగా పత్రికలకు రాసుకునేవాళ్ళం. మమ్మల్ని చూస్తే బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు కూడా లోపలికి రమ్మనడు. రొడెల్‌కి మాత్రం పిలిచి మరీ బంగారు రంగు కార్డు ఇచ్చారు. ఆ రోజు వీధంతా పండగ చేసుకున్నాం. ఒకడికి కార్డొస్తే అందరికీ వచ్చినట్టే కదా!

పద్ధతి చాలా సులువు. "పరే, నీ కార్డు ఒక్కసారి గీకు, నెలనెలా నీ చేతిలో పెట్టేస్తా" అనాలి. అంతే. కాదనడం మా వాళ్ళకి చేతకాదు. కాదంటే ఎదుటివాడి ముఖం చిన్నబోతుంది. ఆ చిన్నబోయిన ముఖమే ఆదివారం చర్చిలో మన పక్క బెంచీలో కూర్చుంటుంది. దాన్ని చూస్తూ ప్రార్థన చేసుకోవడం కన్నా వడ్డీ కట్టుకోవడం హాయి.

అలా రొడెల్ కార్డు మీద వాడి బావమరిదికి సెల్‌ఫోను వచ్చింది. పిన్నత్తకి ఫ్రిజ్ వచ్చింది. మా వీధి డోదోంగ్ జీప్‌నీకి కొత్త టైర్లు వచ్చాయి. ఒక పెద్దమనిషి ఇంటికి ఏసీ కూడా వచ్చింది. ఆయన పేరెందుకు లెండి, మర్యాదస్థుడు, పత్రికల్లో రాస్తుంటాడు.

వీళ్ళెవరూ ఎగవేతదారులు కారు, ఆ మాట అంటే నేనొప్పుకోను! మొదటి నెల అందరూ కట్టారు. రెండో నెల కొందరు కట్టారు. ఆ తరవాత వరద వచ్చింది, స్కూలు ఫీజులొచ్చాయి, క్రిస్మస్ వచ్చింది. మా దగ్గర సెప్టెంబరులోనే క్రిస్మస్ పాటలు మొదలవుతాయి. పాటలు వినిపిస్తుండగా బాకీ అడిగేవాడు మనిషేనా? పోనీ జనవరిలో అడుగుదామంటే, క్రిస్మస్‌కి చితికిపోయి ఉంటాం. రొడెల్ సంస్కారవంతుడు, ఏ నెలలోనూ అడిగేవాడు కాదు.

బ్యాంకువాళ్ళ మంచితనం మాత్రం తక్కువా? "మొత్తం కట్టకండి సార్, మినిమమ్ కడితే చాలు" అంటారు. ఇంత మెత్తగా మాట్లాడే అప్పులవాణ్ణి మీ జన్మలో చూశారా? మినిమమ్ కడుతూ ఉంటే అప్పు మనతోనే ఉంటుంది, మన పిల్లలతో పాటు పెరుగుతుంది. రొడెల్ పుట్టినరోజు సొంత అన్న మరిచిపోయిన ఏడు కూడా బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. చివర్లో డ్యూ డేటు గుర్తుచేశారనుకోండి. అయినా పలకరింపు పలకరింపే.

అన్నిటికన్నా గొప్ప మేలు లిగాయాకి జరిగింది. వరదప్పుడు మెట్లమీద జారిపడి ఆవిడ ముందు పళ్ళు రెండు పోయాయి. కట్టుడు పళ్ళ కోసం బిస్కెట్ల డబ్బాలో డబ్బు దాచుకునేది. డబ్బా కాస్త బరువెక్కేసరికి మినిమమ్ కట్టాల్సిన తేదీ వచ్చేది. అందువల్ల ఆవిడ నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. ఎంత వినయం! ఎంత నిండుతనం! ఒకప్పుడు వీధి చివరిదాకా వినిపించేలా నవ్వే మనిషి. అప్పు మనిషికి ఎంత సంస్కారం నేర్పుతుందో చూడండి.

ఇంత చక్కటి ఏర్పాటు ఒక సాయంకాలం చెడిపోయింది. నేనక్కడే ఉన్నాను, కాఫీ తాగడానికి వెళ్ళాను. రొడెల్ గోడవైపు చూస్తూ నసిగాడు.

"లిగాయా, ఆ డబ్బా ఓసారి ఇటిస్తావా? ఈ ఒక్క నెలే."

"పోయిన నెల కూడా ఒక్క నెలే అన్నావు."

"పళ్ళదేముంది చెప్పు. నువ్వెలా ఉన్నా నా కంటికి బాగానే ఉంటావు."

"నీ కంటి సంగతి కాదయ్యా. నాకు ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి కొరుక్కు తినాలనుంది. ఇన్నేళ్ళనుంచీ గింజలు చాకుతో గీరుకుని తింటున్నాను. నా పిల్లలు కంకి కొరుకుతుంటే చూడలేక లేచిపోతున్నాను, తెలుసా నీకు?"

 నాకు కాఫీ దిగలేదు, చక్కెర తక్కువైంది కాబోలు. ఆవిడ డబ్బా ఇచ్చేసింది. ఇచ్చేసి, వాడి పర్సులోంచి కార్డు లాగి, మూలనున్న బాల యేసు దగ్గరికి వెళ్ళింది. ప్రతి ఇంట్లోనూ ఉండే విగ్రహమే. ఎర్ర మఖమలు అంగీ, నెత్తిన కిరీటం. ఆవిడ సిలువ గుర్తు వేసుకుని, అంగీ అంచు పైకెత్తి, కార్డు లోపల పెట్టేసింది.

"ఇకమీదట ఎవరికి గీకాలన్నా నన్నూ అడగొద్దు, ఈయన్నీ అడగొద్దు. బాబుని అడగండి. ఆయన ఊఁ అంటే నాకేం అభ్యంతరం లేదు."

ఇది న్యాయమేనా, మీరే చెప్పండి! మొగుడు మెత్తవాడని తెలిసి దేవుణ్ణి కాపలా పెట్టుకోవచ్చా?

మర్నాడు డోదోంగ్ వచ్చాడు, బ్యాటరీ కావాలని. బాబు ముందు నిలబడి, టోపీ తీసి, తడుముకుని, "మీ ఆరోగ్యం బాగుందా స్వామీ" అని వెళ్ళిపోయాడు. రొడెల్ పినతల్లి కొడుకు బోయెత్ మాత్రం గట్టివాడు. మోకాళ్ళమీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఎగిరి గంతేశాడు.

"ఒప్పుకున్నాడు ఆతె!" అన్నాడు. ఆతె అంటే అక్క, మా దగ్గర వదిననైనా అలాగే పిలుస్తారు.

"ఏమన్నాడురా?"

"కాదనలేదుగా!"

"మరింకేం, నువ్వే అంగీ ఎత్తి తీసుకో."

బోయెత్ చెయ్యి చాపాడు. చెయ్యి మఖమలు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. జేబులోంచి ఒక నాణెం తీసి బాబు పాదాల దగ్గర పెట్టి, "రేపొస్తా ఆతె" అన్నాడు. మళ్ళీ రాలేదు.

నేను మాత్రం బాబు ముందుకు పోలేదు. నాకు ఆత్మగౌరవం ఉంది.

ఇక ఆ దంపతుల పతనం ఏమని చెప్పను! లిగాయా పొద్దున్నే అరిటాకుల్లో బియ్యపు కేకులు ఉడికించి అమ్మడం మొదలుపెట్టింది. రొడెల్ ట్రైసికిల్ ఆటో ఎక్కడం మానేసి బస్సు డిపోకి నడిచి వెళ్ళాడు. డిసెంబరులో బోనసుగా వచ్చే పదమూడో నెల జీతం, బంధుమిత్రులందరూ ఏడాది పొడవునా కలలుగనే పవిత్రమైన డబ్బు, తీసుకెళ్ళి బ్యాంకులో పోశాడు! ఆ ఏడాదీ పోశాడు, పై ఏడాదీ పోశాడు. వాడి జ్ఞానస్నానపు పిల్లలకి క్రిస్మస్‌కి ఎప్పుడూ ఇచ్చే డబ్బు కవరు బదులు తలా ఒక కమలాపండు ఇచ్చాడు. వాళ్ళలో ఒకడైన మా చిన్నవాడు ఆ పండు పట్టుకొచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, దీంట్లో డబ్బెక్కడుంది?" అని అడిగాడు. ఏం చెప్పాలి నేను?

చివరికి ఆ రోజు వచ్చింది. రొడెల్ బ్యాంకునుంచి ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే అరుగుమీద కూలబడి, ఏడ్చాడు. తీరిపోయిందిట! క్షణంలో వీధంతా పోగయ్యాం. మంచి జరిగినవాడు నలుగురికీ తిండి పెట్టాలి కదా, మా దగ్గర అది చట్టం కన్నా ఎక్కువ. ప్రమోషన్ వచ్చినా, పరీక్ష పాసైనా, ఆపరేషన్ అయి బతికి బయటపడినా పెట్టాల్సిందే. "బ్లోఅవుట్! బ్లోఅవుట్!" అని అరిచాం. నది ఒడ్డున కొత్తగా పెట్టిన రెస్టారెంటు పేరు కూడా సూచించాం, అక్కడ కార్డులు తీసుకుంటారు.

రొడెల్ కళ్ళు తుడుచుకుని అందరి ముఖాలూ చూశాడు. ఒక్క ముఖమూ చిన్నబోకూడదు వాడికి. వాడి చూపు మెల్లగా లోపల మూలనున్న బాబు వైపు మళ్ళింది. లిగాయా గుమ్మంలో నిలబడి ఉంది. అరచెయ్యి నోటికి అడ్డం ఉంది కానీ, ఆవిడ నవ్వడం లేదు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. రొడెల్ ఫోను పాతది, స్పీకరులో తప్ప వినపడదు. వీధంతా విన్నాం.

"కంగ్రాచ్యులేషన్స్ సార్! మీరు మా విలువైన కస్టమర్. ఈ రోజునుంచే మీ లిమిట్ రెట్టింపు చేస్తున్నాం. ఊఁ అంటే చాలు!"

అబ్బ, బ్యాంకంటే అదీ! "ఊఁ అను పరే!" అని ముందుగా అరిచింది నేనే. బోయెత్ ఈల వేశాడు.

"అంటే... అదీ..." అన్నాడు రొడెల్. వాడి నుదుటినిండా చెమట.

లిగాయా వచ్చి ఫోనందుకుంది. "అమ్మాయీ, మా ఇంట్లో ఈ సంగతులన్నీ బాబు చూసుకుంటాడు."

"బాబు అంటే ఎవరు మేడమ్? కార్డు ఆయన పేరు మీదుందా?"

"బాల యేసమ్మా. కార్డు ఆయన అంగీ కింద ఉంది."

 ఆ అమ్మాయి గొంతు మారింది. "ఆయన ఏమంటున్నాడు ఆతె?"

"ఈసారి మా ఆయన్నే చెప్పమంటున్నాడు" అని లిగాయా ఫోను మొగుడి చేతిలో పెట్టింది.

రొడెల్ ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. మావైపు చూడకుండా నేలవైపు చూశాడు.

"వద్దమ్మా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఆ మాట అనగా నేను వినలేదు. వెంటనే భయపడిపోయి, "ఏమీ అనుకోకు తల్లీ. భోంచేశావా?" అని కూడా అడిగాడు.

"ఇంకా లేదు కూయా" అంది ఆ అమ్మాయి, పెద్దన్నని పలకరించినట్టు. ఆ తరవాత గొంతు బాగా తగ్గించి, "నా కార్డు కూడా అలా పెట్టుకుంటే పనిచేస్తుందంటారా?" అంది.

వీధంతా గొల్లున నవ్వింది. నేను నవ్వలేదు. ఇది నవ్వాల్సిన విషయం కాదు.

బ్లోఅవుట్ సంగతి అడుగుతారేమో. లిగాయా పెద్ద గిన్నెడు అల్లం జావ కాచి పోసింది! జావ! సిగ్గు లేకుండా డోదోంగ్ మూడుసార్లు పోయించుకున్నాడు. పైగా తాగి మూతి తుడుచుకుని, "పరే, టైర్ల డబ్బు వచ్చే వారం ఇస్తా" అన్నాడు. నిజంగానే కొంత ఇచ్చాడుట. చూశారా, అంటురోగంలా ఎలా పాకిందో!

జరిగిందంతా మరిచిపోయి, పోయిన ఆదివారం నేనే పెద్దమనసు చేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మాల్‌లో వాషింగ్ మిషన్లు వడ్డీ లేని వాయిదాల మీద ఇస్తున్నారు. కార్డు ముక్కలు చేసి పారేశారని విన్నాను కానీ, బ్యాంకుని అడిగితే కొత్తది ఇవ్వకపోదు కదా. లిగాయా అరుగుమీద కూర్చుని ఉంది. చేతిలో ఉడకబెట్టిన మొక్కజొన్న కంకి. చాకు లేదు.

"మరే, ఒక చిన్న సాయం" అని మొదలుపెట్టి విషయం చెప్పాను. "నెలనెలా నీ చేతిలో పెట్టేస్తా."

ఆవిడ కంకి కొరికింది. నింపాదిగా నమిలింది. తరవాత నవ్వింది. చెయ్యి అడ్డం లేదు! వీధి చివరి కొట్టుదాకా వినిపించేలా, తల వెనక్కి వేసి నవ్వింది. కొత్త పళ్ళు రెండూ తెల్లగా కనిపించాయి.

"బాగున్నాయా పరే?" అంది.

"బాగున్నాయి" అన్నాను, మర్యాద కోసం.

"ఇన్నేళ్ళూ వీటి చోట మీ ఏసీ ఉంది పరే" అంది. కోపంగా అనలేదు. ఇంకో కంకి తీసి నా చేతిలో పెట్టింది. "తినండి, వేడిగా ఉంది."

పాఠకులారా, అప్పు తీరిన ఇంట్లో మర్యాద ఎలా మంటగలిసిపోతుందో మీరే చూశారు. అప్పున్నన్నాళ్ళూ ఆ మనిషి నన్ను పల్లెత్తు మాట అనలేదు. అందుకే మళ్ళీ చెబుతున్నాను, అప్పు ఉండాలి! మంచివాళ్ళకి మరీ ఉండాలి.

ఇంటికొచ్చి, తలుపులన్నీ మూసి, ఏసీ కింద కూర్చుని ఈ వ్యాసం రాస్తున్నాను. కంకి బల్లమీద అలాగే ఉంది, కొరకబుద్ధి కావడం లేదు. ఏసీ బాగానే పనిచేస్తోంది, గాలి చల్లగానే వస్తోంది. చెమట మాత్రం ఆగడం లేదు. మిషన్‌లో ఏదో లోపం ఉన్నట్టుంది. మీకు తెలిసిన మంచి మెకానిక్ ఎవరైనా ఉంటే పంపించండి, డబ్బు నెలనెలా ఆయన చేతిలో పెట్టేస్తాను.