కంచరపాలెంలో ఎడారి

ఆ ఆదివారం ఉదయం కోటి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా రెండు బస్తాల ఇసుక తెప్పించి హాల్లో కిటికీ పక్కన పోయాలి. దాని మీద మూడు కాక్టస్ కుండీలు నిలబెట్టాలి. పదకొండింటికి సాయిశంకర్ వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నవ్వుతూ నిలబడాలి. సాయిశంకర్ ద్వారకా నగర్‌లో శాకాహార హోటల్ పెట్టబోతున్నాడు. ఎడారిలో గుడారం కింద కూర్చుని భోంచేస్తున్నట్టు ఉండాలని ఆయన కోరిక. కోటి హాలు నచ్చితే ఆ హోటల్ అలంకరణ పనంతా కోటిదే. ఊరికి తిరిగొచ్చిన ఎనిమిది నెలల్లో అతనికి తగిలిన మొదటి పని అది.

కోటి పదకొండేళ్లు రియాద్‌లో విల్లాలకు రంగులు వేశాడు. అక్కడి నుంచి ఒక సూట్‌కేసూ మూడు అభిప్రాయాలూ పట్టుకొచ్చాడు. గోడలకు ఇసుక రంగు తప్ప మరో రంగు వేయడం అనాగరికం అన్నది మొదటిది. మనిషన్నవాడు ఎడారి నగరంలోనే బతకాలి, అక్కడ చెమట కారేలోగా ఆరిపోతుంది అన్నది రెండోది. మూడోది శాకాహారం. గదిలో తోటివాడికి పప్పు తప్ప మరేమీ వండటం రాకపోవడంతో మొదలై, పోనుపోను అది సిద్ధాంతమై కూర్చుంది. భార్య మహేశ్వరి పుట్టిల్లు భీమిలి, సముద్రం మీద బతికే కుటుంబం. మొదటి రెండు అభిప్రాయాలనూ ఆమె భరించింది. మూడోదాని వల్ల మాత్రం వారానికి రెండుసార్లు పక్కింట్లో భోంచేసేది.

ఇళ్లు కట్టేవాళ్లకు ఇసుక తోలే నరేష్‌కు కోటి పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బావా, ఇసక కావాల. రెండు సాలు."

"రెండేనా? మళ్లీ సాల్లేదంటే ఇయ్యాల నాను పంపలేను."

"రెండే! ఎక్కువ పంపకు, ఎక్కడెట్టుకుంతాను?"

బస్తాల్లో ఇసుక కొనే మనిషి ఉంటాడని నరేష్ కలలో కూడా అనుకోలేదు. తొమ్మిదింటికి అపార్ట్‌మెంట్ ముందు రెండు ట్రాక్టర్లు ఆగాయి. కోటి చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందికి దిగేలోగా ఇసుకంతా గేటుకు అడ్డంగా కుమ్మరించి వెళ్లిపోయాయి. గేటుకు లోపలివైపు, అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు భీమశంకరరావు కారు స్టార్ట్ చేసి హారన్ మీద చెయ్యేసి ఉన్నాడు.

"టెర్రస్ మీద గది కడుతున్నావా కోటీ? ఎవర్నడిగి?"

"గది కాదండి. ఎడారండి."

"ఏంటీ?"

"హాల్లో ఎడారి కడతన్నానండి. సిన్నదే."

భీమశంకరరావు ముప్పై ఏళ్లు సర్కారు ఆఫీసులో చేసినవాడు. వెటకారాన్ని ఆమడ దూరం నుంచి పసిగట్టగలనని ఆయన నమ్మకం. "సాయంత్రంలోగా ఇదంతా ఎత్తించకపోతే నోటీసు పంపిస్తాను" అని కారు దిగి, ఫోన్ తెచ్చుకోవడానికి పైకి వెళ్లాడు. సాక్ష్యానికి ఫొటోలు కావాలి కదా. పావుగంటలో, కోటి టెర్రస్ మీద గది కడుతున్నాడని మొదటి అంతస్తువాళ్లు చెప్పుకున్నారు. మూడో అంతస్తుకు చేరేసరికి ఆ గది ఈతకొలను అయింది.

కోటి అవేమీ పట్టించుకునే స్థితిలో లేడు. ఆరు బకెట్ల ఇసుక లిఫ్టులో పైకి చేర్చి హాల్లో పోశాడు. ఏటి ఇసుక, తడి ఇంకా ఆరలేదు. విశాఖ గాలికి అప్పటికే పసుపెక్కిన కాక్టస్‌లు ఆ తడిలో ఒకదాని మీద ఒకటి వాలాయి. ఆరబెడదామని సీలింగ్ ఫ్యానూ, రెండు టేబుల్ ఫ్యాన్లూ పూర్తిగా తిప్పాడు. పైపొర ఆరింది. ఆరిందే తడవుగా లేచింది. రియాద్‌లో కూడా అలాంటి తుఫానును కోటి కిటికీ అద్దం వెనక నుంచే చూశాడు తప్ప మధ్యలో నిలబడి చూడలేదు.

"మావా! ఇడ్లీ పిండిలోకి కూడా ఎడారొచ్చీసింది!" అని వంటింట్లోంచి మహేశ్వరి అరిచింది. కోటి ఒక చేత్తో కళ్లు మూసుకుని, రెండో చేత్తో స్విచ్ కోసం గోడంతా తడిమాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు గంగాలమ్మ భీమిలి బస్సు దిగి వచ్చింది. గంపలో సగం ఎండిన నెత్తళ్ల చేపలు ఉన్నాయి. కూతురి మేడ మీద ఆరబెట్టుకోవడం ఆమెకు అలవాటు. అల్లుడు శాకాహారిగా తిరిగొచ్చాక ఆ మేడ కాస్తా నిషిద్ధ ప్రాంతమైపోయింది. గేటు ముందు ఎండలో మెరుస్తున్న ఇసుక దిబ్బ చూసి ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గంప మీద కప్పిన పాత వల తీసి ఇసుక మీద పరిచి, నెత్తళ్లు ఆరబోసింది.

వాసన రెండో అంతస్తుకు చేరేసరికి కోటి పరుగున దిగాడు. కనుబొమల దాకా ఇసుకే.

"ఏటత్తా ఇది! మా ఇంట్లో సేపలొద్దన్నాను కదా!"

"ఇంట్లోకి తేనేదు బాబూ. ఈదిలోనే ఎట్టాను."

ఈతకొలను చూద్దామని దిగినవాళ్లు నెత్తళ్ల చుట్టూ మూగారు. ఆడవాళ్లు ఇసుక మీద చతికిలబడి కబుర్లలో పడ్డారు. ఫొటోలకని వచ్చిన భీమశంకరరావు, రెండు తీశాక ఫోన్ జేబులో పెట్టి "పులుసుకా, వేపుడుకా ఇవి?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"అత్తా, నీ కాళ్లట్టుకుంతాను, తీసీ! పదకొండవతంది!" అని కోటి బతిమాలుతుండగానే సాయిశంకర్ కారు ఆగింది. తెల్ల బట్టల్లో ఆయన దిగి, దిబ్బనూ వలనూ జనాన్నీ చూస్తూ నిలబడిపోయాడు. కోటికి కాళ్ల కింద ఇసుక జారిపోయినట్టయింది. నిజంగానే జారింది, దిబ్బ అంచున నిలబడ్డాడు.

"సార్, హాలు పైనుందండి. ఇది మాది కాదండి."

"ఇది మా అమ్మదండి" అంది వెనక నుంచి మహేశ్వరి. ఆమె జడనిండా ఇడ్లీ పిండి కలిసిన ఇసుక.

సాయిశంకర్ మెల్లగా ఇసుక మీద కూర్చున్నాడు. "ఎడారి బొమ్మలు చూపిస్తే మా పార్ట్‌నర్లకు నిద్రొస్తోంది కోటీ. గుడారంలో చిక్కుడుకాయ కూర తినడానికి ఎవరొస్తారంటున్నారు. ఇక్కడ చూడు, పిలవకుండానే నలభైమంది."

"ఎడార్లోనూ ఇసకే కదండి" అన్నాడు కోటి, ఏడుపొక్కటే తక్కువ.

"ఇసుక ఉంది. సముద్రం లేదు."

"మరి మీరు శాకాహారులు కదండి?"

"అది నా అభిప్రాయం. డబ్బులిచ్చి తినేవాళ్లకు వాళ్ల అభిప్రాయాలుంటాయి." అని గంగాలమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మా హోటల్‌ని ఇలాగే చేసిపెడతారా?"

గంగాలమ్మ నెత్తళ్లు తిరగేస్తూనే, "సేత్తాను గానీ, మోతపనికి మనిషి కావాల" అంది.

రెండు నెలల్లో హోటల్ తెరిచారు. ఇసుక మోసిందీ, వలలు కట్టిందీ, గోడలకు అత్తగారు చెప్పిన నీలం రంగు మూడు పూతలు వేసిందీ కోటియే. గుమ్మం పక్కన రాతి పలక మీద చెక్కించారు: అలంకరణ, శ్రీమతి గంగాలమ్మ, భీమిలి. సహాయం, అల్లుడు.