సార్ చెప్పేదాకా నేరుగా

ఆ రోజు పథకం చాలా చిన్నది. పొద్దున్నే పిల్లాడికి పాలు పట్టడం, డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళడం, పాసై మధ్యాహ్నం భోజనాల వేళకు ఇల్లు చేరడం. కోడలికి ఇది మూడో ప్రయత్నం. మొదటిసారి హ్యాండ్‌బ్రేకు దించకుండానే బండిని ఉరికించబోయింది. రెండోసారి ఇండికేటరు వేయబోయి వైపర్లు వేసి, మండుటెండలో అద్దం తుడిచి వచ్చింది. పసిపిల్లల బడి వ్యాను నడిపే ఉద్యోగం ఆమె కోసం ఆగి ఉంది. ఇవాళ పాసవకపోతే రేపు వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది.

"బెల్టు మర్చిపోకు. అద్దం చూడు. ఊరికే చూడ్డం కాదు, చూసినట్టు సార్‌కి కనపడాలి," అన్నాడు భర్త దారిపొడుగునా. "అన్నిటికంటే ముఖ్యం, ఆయనేం చెబితే అది చెయ్యి. సొంత తెలివి వాడకు."

"నా తెలివి సంగతి సరే, మీరెన్నిసార్లకి పాసయ్యారో అత్తయ్యని అడగమంటారా?"

వెనక సీట్లో మనవణ్ణి ఒళ్ళో పెట్టుకున్న అత్తగారు, "మధ్యలో నన్ను లాగకండర్రా. వాడి పరువు వాడికుంది," అంది.

నిజానికి కోడలికి బండి నడపడం రాక కాదు. పిల్లాడు కదిలే కారులో తప్ప కన్ను మూయడు. భర్త పక్కన కూర్చుంటే, వాణ్ణి వెనక పడుకోబెట్టి రోజూ వీధులన్నీ చుట్టేది. బ్రేకు గట్టిగా పడితే లేస్తాడు. గేరు గరగరమంటే లేస్తాడు. బండి ఆగిందా, వాడితోపాటు వీధి వీధంతా లేస్తుంది. అందుకే ఆమె చేతిలో కారు ఊయలలా సాగుతుంది. ఎవరో కొత్తమనిషి కాగితాల అట్ట, కలం పట్టుకుని పక్కన కూర్చుంటేనే కాళ్ళూ చేతులూ ఆడవు.

ఆఫీసు ఆవరణలో భర్తా అత్తగారూ పిల్లాడితో దిగాక, పరీక్షాధికారి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. 'ఎవరిమీదో కోపంగా ఉన్నాడు, ఆ కోపం నామీదే తీర్చుకుంటాడు,' అనుకుంది కోడలు.

"బయల్దేరమ్మా. నేను చెప్పేదాకా నేరుగా పోనియ్."

బెల్టు, అద్దం, హ్యాండ్‌బ్రేకు, ఇండికేటరు అన్నీ సరిగ్గా పడ్డాయి. కారు మెత్తగా కదిలింది. కూడలి దాటాక ఓరకంట చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంజను చప్పుడును బట్టి మార్కులు వేస్తాడు కాబోలని మరింత మెత్తగా గేరు మార్చింది. రెండో కూడలి దగ్గర సన్నగా గురక వినిపించింది.

లేపితే అసలే కోపిష్టి. ఆపితే, ఎవరాపమన్నారంటాడు. పైగా నిద్రపోతున్నవాళ్ళ దగ్గర బండి ఆపకూడదని ఆమె కాలికి ఎప్పుడో అలవాటైపోయింది. ఎర్రదీపం దూరంగా కనబడగానే వేగం తగ్గించి, అది పచ్చగా మారేదాకా నత్తలా పాకించి, ఆగకుండానే దాటించింది.

ఊరి చివర దారి రెండుగా చీలింది. "సార్," అంది మెల్లిగా.

"కుడివైపు... కుడివైపు ముందు చూడు," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే.

అమ్మయ్య, మెలకువగానే ఉన్నాడు! కోడలు సంతోషంగా ఇండికేటరు వేసి కుడికి తిరిగింది. అది పెద్దరోడ్డు. వెనక్కి మళ్ళే దారే లేదు. పొలాలు వచ్చాయి, పోయాయి. గోదాములు వచ్చాయి, పోయాయి. పక్కూరి స్వాగతం బోర్డు కూడా వచ్చి పోయింది. ఆఖరికి పెట్రోలు దీపం వెలిగింది.

ఇక తప్పలేదు. బంకులోకి తిప్పి ఇంజను ఆపింది. ఆ నిశ్శబ్దానికి పరీక్షాధికారి ఉలిక్కిపడ్డాడు. మొహం ముడుచుకుపోయి, పెదవి వంకర తిరిగింది. కోడలి చెయ్యి దానంతటదే లేచి ఆయన భుజం మీద జోకొట్టింది.

"ఏం లేదు నాన్నా, ఏం లేదు, బజ్జో."

అంతలోనే నాలిక్కరుచుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎక్కడున్నాం?" అన్నాడాయన.

"మీరే కదండీ నేరుగా పోనియ్యమన్నారు. మళ్ళీ కుడివైపన్నారు."

ఆయన తల పట్టుకున్నాడు. "ఇంట్లో కవలలమ్మా. కుడివైపు ఊయల్లోవాడు ముందు లేస్తాడు, వాడు రెండోవాణ్ణి లేపుతాడు. నేను పడుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు."

"అయితే నేను తప్పినట్టా సార్?"

"ఏం చూశానని ఫెయిల్ చెయ్యను?"

"పోనీ, పాసైనట్టా?"

"ఏం చూశానని పాస్ చెయ్యను? వెనక్కి పోనియ్. ఈసారి చూస్తాను."

తిరుగు దారంతా ఆయన రెప్ప వాల్చకుండా, తన తొడ తానే గిల్లుకుంటూ చూశాడు. కోడలికి మాత్రం భయం ఎటుపోయిందో తెలియదు. జోకొట్టి బజ్జోమన్న మనిషికి ఇంకేం భయపడుతుంది? ఆఫీసు ఆవరణలో రెండు బళ్ళ మధ్య, గీత తాకకుండా, ఒక్క ఊపులో రివర్సు చేసి పెట్టింది. ఆయన కాగితం మీద 'పాస్' అని రాసి సంతకం గీకాడు.

అత్తగారు చంకలో పిల్లాడితో ఎదురొచ్చింది. "పరీక్షకెళ్ళావా, పుట్టింటికెళ్ళావా తల్లీ? మీ ఆయన పోలీసులకి ఫోన్ చేస్తానని ఒకటే గోల!"

"పాసయ్యానత్తయ్యా! వ్యాను నాదే!"

"పాసయ్యావా?" భర్త నోరు తెరిచాడు. "మరి ఇంతసేపు ఏం చేయించారు సార్?"

పరీక్షాధికారి గొంతు సవరించుకున్నాడు. "కాస్త లోతుగా పరీక్షించాను. పక్కూరిదాకా."

ఆ మాట వరుసలో నిలబడ్డవాళ్ళ చెవిన పడింది. ఒకడికి కడుపునొప్పి వచ్చింది, ఇంకొకామెకు పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. చూస్తుండగానే ఆవరణ ఖాళీ అయింది.

పరీక్షాధికారికి మధ్యాహ్నమంతా తీరికే దొరికింది. ఆఫీసు బల్లమీదే పడుకున్నాడు గానీ, కవలలున్న ఇంటికి మాత్రం వెళ్ళలేదు.