శుద్ధజలంలో చిన్నల్లుడు

నీటిని బాధ్యతగా వాడుకోవడంలో నలుగురికీ దారి చూపినందుకు మన రంగుల కర్మాగారానికి 'జలమిత్ర' బిరుదు లభించిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. బిరుదు ఊరికే రాలేదు. కార్మికులు చేతులు కడుక్కునే చోట కుళాయిలు పీకించి నీటి వాడకాన్ని గణనీయంగా తగ్గించారు. గేటు దగ్గర 'ప్రతి బొట్టూ బంగారమే' అన్న బోర్డు మెరిసిపోవాలని పొద్దున్నా సాయంత్రం దాన్ని పైపు పెట్టి కడిగించారు. ఇక మురుగునీటిని శుద్ధి చేసే యంత్రాలంటారా, కొన్ననాడు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. వాడితే కదండీ పాడవడానికి!

ఆ యంత్రాలకు పెద్ద మన శుద్ధి అధికారి. పాపం, నెమ్మదస్తుడు. అద్దకం షెడ్డు నుంచి వచ్చే నీళ్ళు యంత్రాలను ఇబ్బంది పెట్టకుండా పక్కనుంచి తప్పుకుని, గోడ కింది గొట్టంలోంచి కాలవలోకి పోతుంటే, వాటికి ఎవరూ అడ్డం రాకుండా చూడటమే ఆయన ఉద్యోగం. కాలవ ఆయన ఉండే వీధి వెనకనుంచే పోతుంది. ఎర్రగా పారితే ఎర్ర దుప్పట్లకు గిరాకీ వచ్చిందని, నీలంగా పారితే బడిపిల్లల యూనిఫారాలు మొదలయ్యాయని వీధిలోవాళ్ళకు ఇట్టే తెలిసిపోయేది.

చిక్కల్లా చేపతో వచ్చింది. శుద్ధి చేసిన నీళ్ళలో చేప బతకాలని తనిఖీ సంఘం నియమం. అందుకని ఆఫీసు ముందు అద్దాల తొట్టి కట్టించి, శుద్ధి అయినట్టు కాగితాల్లో రాసుకున్న నీళ్ళు పట్టి, చేపలను వదిలారు. పూట గడవకుండానే అవి విధులకు గైర్హాజరయ్యాయి. యాజమాన్యం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు, విచారణ జరిపించింది. చేపల్లో అంకితభావం లోపించిందని తేలింది. అప్పటినుంచి తనిఖీ ఉన్నప్పుడల్లా చేపల కొట్టువాడు కొత్త చేపను తెచ్చి వేసి, సంఘం చూసి వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టి పక్కనే నిలబడేవాడు.

ఈసారి సంఘం చెప్పాపెట్టకుండా బయలుదేరింది. కొట్టువాడేమో ఊళ్ళో లేడు. పక్క ఊరికి పోయి వచ్చే వ్యవధి లేదు. మేనేజరు శుద్ధి అధికారిని పిలిచి, "ఏమయ్యా, మధ్యాహ్నానికి తొట్టిలో చేప తిరుగుతూ కనపడాలి. కనపడితే నువ్వు చీఫ్‌వి. లేదా, రేపట్నుంచి ఇంట్లోనే కూర్చుని విశ్రాంతి తీసుకో" అని ఎంతో ఆప్యాయంగా చెప్పాడు.

శుద్ధి అధికారి ఇంట్లో ఒక చేప ఉంది. అత్తగారిది. గాజు గిన్నెలో బంగారు రంగులో తిరిగే ఆ చేపకు ఆవిడ 'చిన్నల్లుడు' అని పేరు పెట్టుకుంది. "పెట్టింది తింటాడు, ఎదురు మాట్లాడడు. పెద్దల్లుడి కంటే వీడే నయం" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మోకాళ్ళ నొప్పులూ, పోయిన మావగారి ముచ్చట్లూ దానికే చెప్పుకునేది. పెద్దల్లుడికి దానిమీద కాస్త అసూయ ఉన్నమాట నిజమే. అయినా, ఆవిడ కునుకు తీస్తుండగా దాన్ని టిఫిన్ క్యారేజీలో వేసుకుని గడప దాటుతూ ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. సాయంత్రానికల్లా తెచ్చి గిన్నెలో వేసేస్తానని తనమీద తనే ఒట్టు పెట్టుకున్నాడు.

తొట్టిలో నీళ్ళన్నీ తోడించి, తాగేనీళ్ళ క్యాన్లు తెప్పించి నింపించాడు. చిన్నల్లుడు హాయిగా ఈదాడు. కర్మాగారం పుట్టాక ఒక ప్రాణి ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ తీసుకోవడం అదే మొదలు. అద్దకం కార్మికులు కూడా వంతులవారీగా వచ్చి ఆ నీళ్ళకేసి ఆశగా చూసి వెళ్ళారు.

సంఘం అధ్యక్షుడు చూశాడు, పరవశించాడు, ఉపన్యసించాడు. "సోదరులారా! ఇది ఉత్త చేప కాదు. మన ప్రగతికి ప్రత్యక్ష సాక్షి! పరిశ్రమా ప్రకృతీ ఎలా కలిసిమెలిసి ఈదుతున్నాయో కళ్ళారా చూడండి!" అక్కడితో ఆగినా బాగుండేది. "ఇంతటి జలధారను స్వయంగా విడుదల చేసే భాగ్యం నాకూ దక్కాలి" అంటూ తొట్టికి బిగించిన శుద్ధి నీళ్ళ కుళాయి మీద తన అమృతహస్తం వేశాడు.

'వద్దండీ' అన్న మాట మన అధికారి గొంతుదాకా వచ్చింది. మేనేజరు ఆయనకేసి చూశాడు. మాట వెనక్కి పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనా కొట్టాడు. ఊదారంగు నీళ్ళు తొట్టిలోకి దూకాయి. చిన్నల్లుడు అద్దం దాకా వచ్చి, పెద్దల్లుడికేసి ఒకసారి నోరు తెరిచి, వెల్లకిలా తిరిగాడు.

"ఎంత సుఖంగా ఉంటే ఇలా వెల్లకిలా పడుకుంటుందండీ! నా సర్వీసులో చూడలేదు" అని అధ్యక్షుడు తొట్టి పక్కన నిలబడి ఫోటో దిగాడు. బిరుదూ, ఉత్పత్తి రెట్టింపు చేసుకునే అనుమతీ, దానికి కావలసిన రెండో గొట్టానికి అనుమతీ అక్కడికక్కడే వచ్చేశాయి. మన అధికారి చీఫ్ అయ్యాడు. చీఫ్‌గారు ఖాళీ క్యారేజీ పట్టుకుని గోడ చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత పక్క ఊరు పరుగెత్తి, అదే రంగు చేపను కొనుక్కొచ్చి ఎవరూ చూడకుండా గిన్నెలో వేశాడు.

సాయంత్రం వీధి వీధంతా అభినందించడానికి వచ్చింది. ఒక చేత్తో ముక్కు మూసుకోక తప్పదు కనక, రెండో చేత్తో తొడమీద చప్పట్లు కొట్టారు. ఆనక రిటైరైన మాస్టారు అసలు సంగతి కదిపాడు. "మీరు మనవాళ్ళు, పైగా చీఫ్ అయ్యారు. ఆ రెండో గొట్టమేదో పక్క వీధివైపు తిప్పించండి బాబూ." అందరం తలలూపాం. "దానికేం భాగ్యం, తిప్పిద్దాం" అన్నాడు చీఫ్.

అంతలో అత్తగారు గాజు గిన్నె రెండు చేతులా పట్టుకుని వచ్చింది. "వీడు మావాడు కాదు. నా చేప ఏమైంది బాబూ?"

చీఫ్ తల ఎత్తలేదు. "నీళ్ళు పడలేదండీ. అందుకని వేరేది తెచ్చాను."

"పడకపోతే నీళ్ళు మారుస్తారు గానీ, చేపను మారుస్తారటయ్యా?"

పెద్దావిడ చాదస్తానికి అందరం హాయిగా నవ్వుకుని, గొట్టం ఏ వీధికి తిప్పాలో మాట్లాడుకున్నాం.