జీబ్రా చేపల పురుడు

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక కాసేపు నడుం వాల్చకపోతే కళ్లజోళ్లాయనకు లోకమంతా మసకగా కనిపిస్తుంది. వారమంతా తన దుకాణంలో కూర్చుని అందరి చూపూ సరిచేసే మనిషి, ఒక్కపూట తన రెప్పలు తాను మూసుకుంటానంటే ఇంట్లో కుదరదు. ఆయన భార్య లెక్కల టీచరు. ఖాళీగా ఉన్న మొగుడు ఆవిడకు చేయకుండా వదిలేసిన లెక్కలా కనిపిస్తాడు.

"ఏమండీ, ఫ్యాన్ల మీద దుమ్ము పేరుకుపోయింది."

"నాకు నిద్ర పేరుకుపోయింది."

"ముందు ఫ్యాన్లు దులపండి. తర్వాత దుప్పటి దులుపుకుందురుగాని."

ఫ్యాన్లయ్యేసరికి సాయంత్రమయ్యేది.

వెనక గదిలో ఆయనకో గాజుతొట్టి ఉంది. అందులో జీబ్రా చేపలు. ఒక్కోటి చిటికెన వేలంత, ఒళ్లంతా నీలం చారలు. ఒకటి ఎటు తిరిగితే మంద మొత్తం అటే. ఒకరోజు వాటిని చూస్తుండగా ఆయన బుర్రలో దీపం వెలిగింది.

"విన్నావా, మన చేపలు గుడ్లు పెట్టే రోజులొచ్చాయి. ఇకనుంచి ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలోకి ఎవరూ రాకూడదు. చీకటిగా ఉండాలి, చప్పుడు కాకూడదు. నేనొక్కణ్ణే లోపల కాపలా ఉంటా."

"చీకట్లో మీకేం కనిపిస్తుందండీ?"

"కళ్లజోళ్లవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా అది!"

తలుపుకు ఒక అట్టముక్క వేలాడింది: 'ప్రసూతి వార్డు. నిశ్శబ్దం.' లోపల కర్టెన్లు దిగాయి. చాప పరుచుకుంది. దిండు తనంతట తానే నడిచొచ్చినట్టు దాని మీద చేరింది.

సాయంత్రం భార్య అడిగింది. "గదిలోంచి గుర్రుగుర్రుమని ఒకటే మోత, ఏమిటండీ అది?"

"గాలి పంపు. పాతబడిపోయింది."

"పాపం, మధ్యమధ్య ఈల కూడా వేస్తోంది."

తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆవిడ ఆ పంపును ఊడదీసి రిపేరుకిచ్చింది. ఆయనతో అనలేదు. మధ్యాహ్నం తలుపుకు చెవి ఆనించింది. గుర్రు, ఈల, గుర్రు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి పరిగెత్తి, అక్కడ పడీపడీ నవ్వింది.

ఆ వారంలోనే ఆయన అత్తగారు దిగారు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అట్టముక్క చూడగానే ఆవిడ చేతులు దురద పెట్టాయి.

"ఎన్నాళ్లనుంచి పడుతున్నాయే నొప్పులు?"

"అవి కాదమ్మా పడుతున్నది, నేను."

తల్లీకూతుళ్లు ఫోన్లో వీడియోలు చూశారు. ఈ చేపలకు కావలసింది ఆదివారం మధ్యాహ్నపు చీకటి కాదట, కొత్త నీళ్లట. పైగా పెట్టిన గుడ్లను అవే గుటుక్కున మింగేస్తాయట. అడుగున గోళీలు పరిస్తే గుడ్లు సందుల్లోకి జారి బతికిపోతాయట.

ఆదివారం మోత మొదలవగానే ఇద్దరూ పిల్లుల్లా లోపలికెళ్లారు. చేపలన్నిటినీ వలతో బకెట్లోకి ఎత్తారు. మధ్యలో ఆయన కళ్లు తెరవకుండానే, "కింది వరస అక్షరాలు కనిపిస్తున్నాయా?" అన్నాడు.

"కనిపిస్తున్నాయి నాయనా, పడుకో," అన్నారు అత్తగారు గుసగుసగా.

వాళ్లు బకెట్‌తో వెళ్లిపోయిన కాసేపటికి ఆయన లేచి ఆవులిస్తూ తొట్టివైపు చూశాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూశాడు. నీళ్లున్నాయి. మొక్కలున్నాయి. చేపల్లేవు.

నిద్రకు సాకుగా వాడుకున్నాడే గాని, ఆ చేపలంటే ఆయనకు ప్రాణం. గట్టిగా అరుద్దామనుకున్నాడు. కానీ రెప్ప వాల్చకుండా కాపలా కాస్తున్న మనిషి ఏమని అరవాలి?

చెంప మీద చాప అచ్చుతో కిటికీలోంచి దూకి, చేపల దుకాణానికి పరిగెత్తాడు.

"జీబ్రాలు కావాలి. ఇంతే పొడవు, ఇవే చారలు, ముఖం కూడా అచ్చం అలాగే ఉండాలి."

"ఎలాగండీ?"

"అమాయకంగా!"

సంచితో మళ్లీ కిటికీలోంచే లోపల పడి, కొత్త చేపలను తొట్టిలో వదిలి, ఊపిరి పీల్చుకుంటుండగా తలుపు తెరుచుకుంది.

"ఎలా ఉన్నాయండీ చేపలు?"

"దివ్యంగా ఉన్నాయి."

"మీరు కళ్లు మూయలేదుగా?"

"ఒక్క క్షణం మూస్తే ఒట్టు!"

"అల్లుడూ!" వంటగదిలోంచి అత్తగారి గొంతు. "నీ చేపలు ఇక్కడ పురిటికొచ్చాయి నాయనా, ఒకసారి వచ్చి చూడు!"

బల్లమీద పెద్ద గాజుగిన్నె, అడుగున గోళీలు, పైన ఆయన పాత మంద హాయిగా తిరుగుతోంది. భార్య చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇవి మనవైతే, ఆ గదిలో ఉన్నవెవరండీ?"

ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఆ క్షణంలో అచ్చం చేపలాగే ఉన్నాడు.

"పిల్లలు," అన్నాడు చివరికి.

"పుట్టీ పుట్టగానే తల్లంత పొడవా?"

"మన పెంపకం అలాంటిది."

అత్తగారు నవ్వాపుకోలేక కుర్చీ వెతుక్కున్నారు.

మర్నాడు తెల్లవారేసరికి గోళీల సందుల్లో ఇసుక రేణువుల్లా గుడ్లు! పెద్దవాటిని వెంటనే తీసి తొట్టిలో కొత్తవాటితో కలిపేశారు. కొద్దిరోజుల్లో గుడ్లు చిట్లాయి. ఆయన దుకాణంనుంచి భూతద్దం తెచ్చుకుని గిన్నెమీద వంగాడు. తెగిపడ్డ కనురెప్ప వెంట్రుకలాంటి పిల్ల ఒకటి గాజుకు అంటుకుని ఉంది. దానికి రెండు నల్లటి చుక్కలు.

"కళ్లే!" అన్నాడాయన, భూతద్దం ఇంకా దగ్గరకు జరిపి. "నా సర్వీసులో ఇంత చిన్న కళ్లు చూడలేదే."

"చూస్తూనే ఉండండి," అంది భార్య మెత్తగా. "అవి ఈదడం మొదలుపెట్టాక మాటిమాటికీ మేత వేయాలట. గుడ్డు పచ్చసొన గుడ్డలో వడకట్టి చుక్కచుక్కగా వేయాలి, మిగిలింది తీసేయాలి. కునుకు తీయకుండా కనిపెట్టుకునే మనిషి మన ఇంట్లో మీరొక్కరేగా!"

కాదంటే కథంతా ఒప్పుకోవాలి. ఆయన డ్రాపరు అందుకున్నాడు.

అలా ఆదివారాలు గడిచాయి. ఆయన స్టూలు మీద, తల్లీకూతుళ్లు వెనక గదిలో చాప మీద. మొదట్లో సణుక్కున్నాడు. ఒక మధ్యాహ్నం మాత్రం, ఆయన వేలు గాజు దగ్గరకు రాగానే, అటూ ఇటూ చెదిరి తిరిగే ఆ వెంట్రుకలన్నీ ఒక్కసారిగా ఒకేవైపు తిరిగి, ఒకే మందగా ఆయన దగ్గరకు ఈదుకొచ్చాయి. ఆయన ఎగిరి గంతేశాడు. "ఏమోయ్! ఇలా రా, త్వరగా రా! నన్ను గుర్తుపట్టాయి!"

ఆవిడ పరుగున వచ్చి చూసింది. ఇద్దరూ గిన్నెకు చెరోవైపు వంగి మురిసిపోతుండగా అత్తగారు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యారు. ముఖం వెలిగిపోతోంది.

"అల్లుడూ, శుభవార్త! ఆ రోజు నువ్వు 'కన్న' పిల్లలున్నాయే, వాటిలో ఆడవన్నీ నిండు చూలాళ్లు!"

ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ పెదాలు బిగబట్టి పైకప్పువైపు చూసింది.

"గోళీలు ఇంకా ఉన్నాయా?" అన్నాడు కళ్లజోళ్లాయన నీరసంగా, రెండో గిన్నె దించుతూ.